డప్పుల మోతలో ప్రతాపరుద్రుడు

ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నుంచీ ఒక వీడియో తిరుగుతోంది. ఆఖరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి చివరి రోజుల మీద. పంపింది ఎవరో చెప్పక్కర్లేదుగా, మా బావగారే. డప్పుల మోత, మంటలు, ఒక గంభీరమైన గొంతు: "శత్రువు చేతికి చిక్కక ప్రాణత్యాగం..." చిక్కకపోవడమేమిటి, నా తలకాయ! 1323లో ఓరుగల్లు కోట పడిపోయాక ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుఘ్‌ఖాన్ ఆయన్ని పట్టుకుని ఢిల్లీకి పంపించాడు. దారిలోనే పోయాడు.

అంతకన్నా మండింది ఇంకొకటి. ఆయన ఏలింది 34 ఏళ్లు. 1289లో అమ్మమ్మ రుద్రమ తర్వాత గద్దెనెక్కాడు. 1303లో ఉప్పరపల్లి దగ్గర ఢిల్లీ సేనని తిప్పికొట్టారు. 1310లో ఢిల్లీ సేనాపతి మాలిక్ కాఫూర్‌కి ఏనుగులు, ఖజానా ఇచ్చి కప్పానికి ఒప్పుకున్నాడు. వీలు చిక్కినప్పుడల్లా ఎగ్గొట్టాడు, వాళ్లు మీదికొస్తే మళ్లీ కట్టాడు. 1321 ముట్టడిని కూడా కాచుకున్నాడు. వీడియోలో కప్పం ఊసే లేదు. కప్పం కడితే హీరో కాకుండా పోతాడా? అలా నెట్టుకురావడమే నాకు గొప్పగా అనిపిస్తుంది. రిప్లై టైప్ చేసి చెరిపేశాను. "నీకన్నీ అనుమానాలేనమ్మా" అంటారాయన.

చిన్నప్పుడు నాన్నతో ఢిల్లీ వెళ్తుంటే, ఇటార్సీ దాటాక ఏదో వంతెన మీద రైలు నెమ్మదించింది. బోగీలో అందరూ కిటికీల్లోంచి చిల్లర విసురుతున్నారు. నేనూ చెయ్యి చాపాను. నాన్న రూపాయి చేతిలో పెట్టి, "నర్మద. మన రాజు ఇక్కడిదాకానే వచ్చాడు" అన్నారు. రాజు కూడా రైల్లో వచ్చాడా అని అడిగాను. నాన్న నవ్వలేదు. కాజీపేటలో ఎక్కి హాయిగా నిద్రపోతూ వచ్చిన దారి అది. అదే దారిని ఒక ముసలి రాజు కాపలా మధ్య దాటి ఉంటాడని అప్పుడు నాకేం తెలుసు! ఆయన తర్వాత ఢిల్లీవాళ్లని ఎదిరించిన ప్రోలయ నాయకుడి విలస శాసనంలోనూ నర్మద ఒడ్డునే పోయాడని ఉంది.

ఇందాక ఇది రాస్తుంటే కలువచేరు శాసనం గుర్తొచ్చింది. 1423లో రెడ్డి రాణి అనితల్లి వేయించింది. అందులో ఆయన తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడని ఉంది. అంటే బావగారి వీడియో వాళ్లు కొత్తగా కల్పించిందేమీ లేదు. రాజు పోయిన నూరేళ్లకే మనవాళ్లకి ఆ సంకెళ్లు చూడబుద్ధి కాలేదు. పాపం, నాకు మాత్రం చూడబుద్ధవుతోందా? సగం కోపం దిగిపోయింది. డప్పుల మీద మాత్రం దిగలేదు.

విలస శాసనం సంగతి ఒక్క ముక్క గ్రూపులో పెట్టాను. బావగారు బొటనవేలు బొమ్మ పెట్టి, వెంటనే ఇంకో వీడియో వదిలారు. ఈసారి రుద్రమదేవి. తెరవలేదు. తెరిస్తే ఆవిడ మరణం సంగతి చెప్పే చందుపట్ల శాసనం దాకా పోతాను, రేపు పొద్దున టిఫిన్ ఎవరు చేస్తారు?