పొంగనాల పెనం, ఎమర్జెన్సీ లైటు

రాత్రి పదకొండు దాటింది. తొమ్మిదింబావుకు పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఫోన్లో 41 శాతం ఉంది. దాన్ని దాచుకోవాల్సింది పోయి ఇట్లా టైపు చేస్తూ కూర్చున్నానంటే కారణం ఒక ఎమర్జెన్సీ లైటు. అదిప్పుడు ఎదురింటి అక్క వంటింట్లో వెలుగుతోంది. మాదేనని ఎట్లా తెలుసంటారా? దాని అద్దం మూలన చిన్నోడు ఐదో తరగతిలో అంటించిన స్టిక్కరుంది. ఆ మూల వెలుతురు రాదు. వాళ్ల గోడ మీద ఆ నల్ల మచ్చ ఇక్కడికి కూడా కనిపిస్తోంది.

వరలక్ష్మీ వ్రతానికని ఆగస్టులో తీసుకుపోయింది. నవంబరొచ్చింది. పొద్దున్నుంచీ ముసురు పట్టింది కదా అని మధ్యాహ్నం పోయి అడిగితే, "ఇంత వానలో మాకు మాత్రం అక్కర ఉండదా?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వుకే మండింది నాకు. మా లైటు కోసం నేను వరసలో నిలబడాల!

వార్తల్లో అల్పపీడనం అన్న మాట వినపడగానే డల్లాస్ నుంచి చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. నీళ్లు పట్టిపెట్టు, ఫోన్లు ఛార్జింగ్ పెట్టు, చిల్లర నోట్లు దగ్గరుంచుకో, ఫ్రిజ్ తలుపు తియ్యొద్దు, మూసుంటే నాలుగు గంటల దాకా లోపలివి ఆగుతాయి, ఫ్రీజరు నిండా ఉంటే రెండు రోజులు. దానికి 2021 ఫిబ్రవరి ఇంకా వదల్లేదు. టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయి, బయట మైనస్ 19 డిగ్రీలు. వీళ్లు పాలడబ్బా బాల్కనీలో మంచులో గుచ్చి, అదే మంచు కరిగించి బాత్రూముకు వాడుకున్నారు. వెచ్చదనం కోసమని ఇంట్లో బొగ్గులు రాజేసి, గ్యారేజీలో కారు ఆన్ చేసి పెట్టి, ఆ కార్బన్ మోనాక్సైడుకే కొందరు పోయారు. ఆ గాలికి వాసన కూడా ఉండదంట. "కడపలో మంచు యాడ పడుతుందే" అని నవ్వేసినా. కానీ పొద్దున అది చెప్పినవన్నీ ఒకటొకటే చేసుకుంటూ వచ్చింది నేనే.

మా ఆయన సంగతి మీకు తెలిసిందే. పైన ట్యాంకు నిండిందా అంటే "నిండినట్టే" అంటాడు. నిండినట్టే ఏంది? మిద్దెక్కి చూస్తే సగం. మోటారు వేయించినా. తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీ. ఆరు మూతలకు నీటి మట్టం చూపే ఫ్లోట్లు ఆరు, వాటిలో ఐదు ఎరుపు గీత దగ్గర కూలబడి ఉన్నాయి. బోరునీళ్లు కాచి పోద్దామన్నాడు మహానుభావుడు. మా బోరునీళ్లకు బకెట్టే తెల్లగా సున్నం కడుతుంది, ఇంక లోపల ప్లేట్ల గతేంది? డిస్టిల్డ్ వాటర్ తెప్పించి, చిన్న గరాటు పెట్టి, ఆకుపచ్చ గీత కనిపించేదాకా నేనే పోసినా. ఇప్పుడు ఇన్వర్టర్ మీద అత్తమ్మ గదిలో ఒక్క బల్బు, ఆమె ఆయాసానికి మందును ఆవిరిలా పట్టే నెబ్యులైజర్ ప్లగ్గు తప్ప అన్నీ ఆపేసినా. అందుకే వంటింటికి ఆ లైటు కావాలనేది.

నెబ్యులైజర్ అంటే 2020 గుర్తొస్తుంది. నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, వాన మాత్రం మన మీద పడింది. బుగ్గవంక వాగు పొంగి ఊళ్లోకి నీళ్లొచ్చిన రోజులవి. మా వీధికి నీళ్లు రాలేదు, కరెంటే పోయింది. అర్ధరాత్రి ఒంటిగంటకు అత్తమ్మకు ఆయాసం మొదలైంది. నెబ్యులైజర్ తగిలించి స్విచ్చేస్తే రెండు నిమిషాలు గుర్రుమని ఆగిపోయింది. ఇన్వర్టర్ కీ, కీ, కీ అని మొత్తుకుని అదీ పడుకుంది. ఎమర్జెన్సీ లైటు తీస్తే మిణుగురు పురుగంత వెలుతురు. ఆయన సెల్లు టార్చి పట్టుకుంటే నేను గ్యాసు మీద నీళ్లు కాచి ఆవిరి పట్టించినా. దాంతో ఎంత తగ్గిందో తెలీదు. మూడు దిండ్లకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పైకీ కిందికీ ఆడే ఆమె భుజాలే చూస్తూ తెల్లారేదాకా కూర్చున్నాం. మాటలు లేవు. వాన మోత, ఆ ఈల లాంటి ఊపిరి.

బ్యాటరీ పట్టించుకోలేదని అప్పటి నుంచీ ఆయన్ని ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో లెక్క లేదు. నిజానికి ఆ సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా ఇన్వర్టర్ మీద టీవీ పెట్టుకుని తుపాను వార్తలు చూసింది నేను. అవే అలలు, అదే గొడుగు తిరగబడిన రిపోర్టరు, మళ్లీ మళ్లీ. ఇది ఇంతవరకూ ఆయనకు చెప్పలేదు. ఈ టపా ఆయన చదవడు కాబట్టి రాస్తున్నా. ఆ లైటు ఛార్జింగ్ పెట్టకుండా బీరువా మీద పడేసిందీ నేనే. అది అక్క దగ్గరుండబట్టే ఇవాళ ఇంత తెల్లగా వెలుగుతోందేమో.

అయినా అడిగి తీసుకున్నది తిరిగియ్యాల కదా!

ఈ మాట మనసులో అనుకుంటూనే ఇందాక కొవ్వొత్తుల కోసం అటక మీద చేయి పెట్టినా. పాత క్యాలెండర్ల వెనక, దినపత్రికలో చుట్టి, బరువుగా ఏదో తగిలింది. దించి విప్పితే ఇనుప పొంగనాల పెనం. ఏడు గుంతలు, పిడి మీద రంగు దారం. అది మాది కాదు. మొన్న సంక్రాంతి కూడా కాదు, అంతకు ముందు సంక్రాంతికి తెచ్చుకున్నది. ఆ తర్వాత అక్క ఒకసారి "మా పెనం యాడ పోయిందో" అంటే, "వెతకండక్కా, దొరుకుతుంది" అన్నది కూడా నేనే.

నడి గుంతకు కాస్త తుప్పు పట్టింది. పీచు పెట్టి తోమి, నూనె రాసి, కొవ్వొత్తి పక్కన బోర్లించినా. ఫోన్ 33 శాతానికి దిగింది. పిండి ఫ్రిజ్‌లో ఉంది, తలుపు తియ్యొద్దంది కదా మా డల్లాస్ దొరసాని. పొద్దున కరెంటొస్తే నాలుగు వాయిలు పోసి, పొంగనాలతో పాటే పెనం ఇచ్చేస్తా. లైటు సంగతి అప్పుడే అడగాలా, గిన్నె తిరిగిచ్చేటప్పుడు అడగాలా అని ఆలోచిస్తున్నా.