మూడు మాత్రలు, ఒక స్టీలు గ్లాసు

కోతల పండుగనాడు గుళ్ళో సాక్ష్యం చెప్పమని మా పాస్టరు అయ్యగారు నన్ను పిలిచారు. లేచాను, ముసుగు సర్దుకున్నాను, "దేవునికి స్తోత్రం, మీకందరికీ వందనాలు" అన్నాను, ఆ తర్వాత మాట రాలేదు. ఏడుపు ఆపుకుంటున్నానని అందరూ అనుకున్నారు, స్త్రీల సమాజం అక్కలు ఇద్దరు కొంగుతో కళ్ళు కూడా తుడుచుకున్నారు. నిజానికి నాకు ఏడుపేమీ రాలేదు. మా దగ్గర సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది: ఫలానా జబ్బు వచ్చింది, డాక్టర్లు చేతులెత్తేశారు, రాత్రంతా ప్రార్థన చేశాం, తెల్లారేసరికి పోయింది. నా సంగతి అలా జరగలేదు. డాక్టరు చేతులెత్తలేదు, జబ్బు తెల్లారేసరికి పోలేదు, ఆరు నెలల మీద తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పకుండా మిగతాది చెప్తే అబద్ధం అవుతుంది, చెప్దామంటే ఎదురుగా అత్త కూర్చుని ఉంది. కూర్చుండిపోయాను.

మాది ఒడిశాలోని రాయగడ. నేను పుట్టింది పార్వతీపురం వైపు, పెళ్ళయ్యి ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. మా వీధిలో అందరం తెలుగే మాట్లాడుకుంటాం, బోర్డులు మాత్రం ఒడియాలో ఉంటాయి, నాకిప్పటికీ కూడబలుక్కుంటే గానీ చదవడం రాదు. మా ఆయన జేకేపూర్ పేపర్ మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. నేను ఇంట్లో మిషను కుడతాను, జాకెట్లు ఎక్కువ. మా గుడిలో పొద్దున్న తెలుగు ఆరాధన, ఆ తర్వాత ఒడియా ఆరాధన, నేను తెలుగు సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పేదాన్ని.

2022 డిసెంబరులో క్రిస్మస్ క్యారల్స్‌కి తిరిగాం. మంచులో అర్ధరాత్రి దాకా వీధి వీధీ పాడితే గొంతు పోకుండా ఉంటుందా, ప్రతి ఏడూ పోతుంది, ఆ ఏడూ పోయింది. జనవరిలో గొంతు తిరిగొచ్చింది గానీ దగ్గు మిగిలిపోయింది. మిరియాల కషాయం, శొంఠి, తులసి, మందుల షాపులో సిరప్పులు మూడు రకాలు అయ్యాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు తడిసేది, ఎండాకాలం కదా అనుకున్నాను. అసలు విషయం నా టేపు ముందే చెప్పింది, నేనే వినలేదు. ఫిబ్రవరిలో నా జాకెట్టుకి పక్క కుట్లు అర అంగుళం లోపలికి వేసుకున్నాను, ఏప్రిల్‌లో మళ్ళీ వేసుకున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళందరి ఒళ్ళూ కొలిచేదాన్ని, నా ఒళ్ళు ఎటు పోతోందో చూసుకోలేదు. పైగా సన్నబడ్డావమ్మా అంటే మురిసిపోయాను కూడా, ఎందుకు దాచాలి.

మే నెలలో కళ్ళెలో ఎర్రటి చార కనిపించింది. మా వీధి ఆశా కార్యకర్త దీదీకి చెప్పాను, ఇంట్లో చెప్పకముందే. ఆవిడ ఒడియా, కానీ తెలుగు కలిపేసి మాట్లాడుతుంది. రెండు డబ్బాలు ఇచ్చి, ఒకటి ఇప్పుడు, ఒకటి రేపు లేవగానే పళ్ళు తోమకముందే, ఉమ్మి కాదు, లోపల్నుంచి కళ్ళె రావాలి అని తనే దగ్గి చూపించింది. సీబీనాట్ అనే మిషన్లో పెట్టారు, టి.బి. అని తేలింది. బరువు 42 కిలోలు. అంతకు ముందు 51.

మా ఆయన వెంటనే, రైలెక్కి విశాఖపట్నం పోదాం, అప్పు చేద్దాం అన్నాడు. డాక్టరుగారు నవ్వి, అక్కడా ఇవే మాత్రలు, ఇక్కడ డబ్బు కూడా అక్కర్లేదు అన్నారు. మాత్రలు ఎన్నో బరువుని బట్టి ఉంటుందట, 35 నుంచి 49 కిలోల వాళ్ళకి రోజుకి మూడు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసినది. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే నా పని అయిపోయిందనుకుని గోడ పట్టుకుని నిలబడిపోయాను. రిఫాంపిసిన్ వల్ల అలాగే వస్తుందని ముందు చెప్పారు, టెన్షన్‌లో నా తలకెక్కలేదు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ లేదు. నాలుగేళ్ళ మా చిన్నోడికి మాత్రం ముందుజాగ్రత్తగా ఆరు నెలలు మాత్ర ఇచ్చారు, వాడికది బెల్లంలో పెట్టి ఇచ్చేదాన్ని. పోషణకని నెలకి 500 రూపాయలు నా ఖాతాలో పడేవి, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు.

మందుల సంగతి అది. కంచం సంగతి వేరు.

డాక్టరుగారు మా అత్త ముందే చెప్పారు, ఇది గాలిలో వచ్చేది, దగ్గినప్పుడు తుమ్మినప్పుడు వచ్చేది, కంచాల వల్ల గ్లాసుల వల్ల రాదు, కిటికీలు తీసి ఉంచండి, మాస్కు పెట్టుకోమనండి, మందు సరిగ్గా పడితే రెండు వారాల్లో అంటించే గుణం చాలావరకు పోతుంది అని. అత్త బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి నా కంచం, నా గ్లాసు విడిగా తీసి పెరటి గట్టు మీద పెట్టింది. అంచు కొంచెం నొక్కుకుపోయిన స్టీలు గ్లాసు. నేనేమీ అనలేదు. అంటే మా ఆయన గొడవపడతాడు, ఆ గొడవ వినే ఓపిక నాకు లేదు. కానీ ప్రతి పూటా ఆ గ్లాసు కడుక్కుంటుంటే కడుపులో ఎలా ఉండేదో చెప్పలేను.

గుడికి నేనే మానేశాను. సండే స్కూలు పిల్లల మధ్య కూర్చోవడం తప్పు, అది సరే. రెండు వారాలయ్యాక రావచ్చని డాక్టరు చెప్పినా వెళ్ళలేదు. కారణం బల్ల. మా సంఘంలో ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకి, ఒకటే గిన్నె, అంచు తుడుస్తూ అయ్యగారు ఒకరి తర్వాత ఒకరికి అందిస్తారు. కోవిడ్ అప్పుడు చిన్న చిన్న గ్లాసులు తెచ్చారు గానీ తర్వాత మళ్ళీ పాత గిన్నెకే వచ్చేశారు, పెద్దవాళ్ళు పట్టుబట్టారు. ఆ పట్టుదల మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. మా తాతల కాలంలో ఊరి బావి దగ్గర మావాళ్ళు దోసిలి పట్టి నిలబడితే ఎవరో దయతలచి పైనుంచి ఎత్తి పోసేవారు. అలాంటి వాళ్ళు ఒక్క గిన్నెలోంచి తాగడానికి ఎందుకంత విలువిచ్చారో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ గిన్నె నా చేతికొచ్చాక నా పక్కనున్నావిడ మొహం ఎలా మారుతుందో చూడటం నాకు ఇష్టం లేదు, అంతే.

నేను వెళ్ళకపోతే వాళ్ళే వచ్చారు. అయ్యగారు అరుగు మీద కూర్చుని ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ "ఆ రెండో కిటికీ ఎందుకు మూశారమ్మా, తియ్యండి" అని తనే తీసి వెళ్ళారు. మా ఆడవాళ్ళు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు, అది నెలకోసారి గుడికి చేరుతుంది, ఎప్పట్నుంచో ఉన్నదే. నేనూ వేసేదాన్నే. ఆ ఆరు నెలలు ఆ బియ్యంలో ఒక సంచీ మా ఇంటికొచ్చింది, పైన అట్టలో గుడ్లు. ఇచ్చే చెయ్యికి తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, మొదటిసారి సంచీ వెనక్కి పంపేశాను కూడా. అయ్యగారింటి అమ్మగారు దాన్ని మళ్ళీ మోసుకొచ్చి "నీ పిడికెళ్ళు కూడా ఉన్నాయిలే ఇందులో" అని గుమ్మంలో పెట్టి పోయారు. ఎదురింటి ఒడియా వాళ్ళకి మా గుడితో సంబంధం లేదు, అయినా ఆ మాసీ వారానికి రెండుసార్లు డాల్మా, అంటే కూరగాయలు వేసిన పప్పు, పంపేది, తన గిన్నెలోనే, తిరిగి తన గిన్నెలోనే తీసుకునేది. మా అత్త అది చూస్తూ ఉండేది.

ఇప్పుడు ఆ తొమ్మిది రోజులు. రెండు నెలలయ్యేసరికి దగ్గు పోయింది, కళ్ళె పరీక్షలో క్రిములు లేవని వచ్చింది, మూడు కిలోలు పెరిగాను. కానీ మాత్ర వేసుకోగానే డోకు, కీళ్ళ నొప్పులు. ఆగస్టులో పక్క ఊళ్ళో స్వస్థత కూటాలు పెట్టారు. బయట్నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన నా తల మీద చెయ్యి వేసి, నీకు స్వస్థత అయిపోయింది, ఇంకా మందు మింగడం అంటే దేవుణ్ణి నమ్మకపోవడమే అన్నాడు. ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదు, నాకు ఆ మాట కావాలి, ఆ డోకు వదిలించుకోవడానికి. మానేశాను. ఎవరికీ చెప్పలేదు. మాత్రలు బొత్తాల డబ్బాలో దాచాను.

పదో రోజు దీదీ వచ్చి అట్టలు లెక్కపెట్టింది. తేడా వచ్చింది. నా వైపు చూసి తెలుగు మర్చిపోయి ఒడియాలో తిట్టింది, సగం అర్థం కాకపోయినా మొత్తం తెలిసింది. మధ్యలో మానేస్తే క్రిమికి ఈ మందు అలవాటైపోతుంది, అప్పుడు ఇవి పనిచేయవు, ఇంకా ఎక్కువ మందులు ఎక్కువ కాలం మింగాలి, ఇంట్లో పిల్లలకి అంటితే ఆ మొండి జబ్బే అంటుతుంది అని తర్వాత నెమ్మదిగా చెప్పింది. బొత్తాల డబ్బా తెచ్చి ముందు పెట్టాను.

అయ్యగారు కోప్పడలేదు. బైబిల్లో హిజ్కియా రాజు కథ గుర్తు చేశారు. జబ్బుతో చావు దాకా వచ్చిన రాజు గోడ వైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు విన్నాడు, ఇంకో పదిహేనేళ్ళు ఆయుష్షు ఇచ్చాడు, ఇది అందరం ప్రసంగాల్లో విన్నదే. ఆ తర్వాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు, అది మాత్రం ఎవరూ ప్రసంగం చెయ్యరు అన్నారు. అయ్యగారికి ఇలాంటివి వెతకడం సరదా. మా ఈ ప్రాంతానికి సువార్త తేవడానికి జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి మొదటి మిషనరీలు వచ్చింది 1882లో, అదే జర్మనీలో కాక్ అనే డాక్టరు టి.బి. క్రిమిని కనిపెట్టానని చెప్పిందీ 1882లోనే, మార్చి 24న, రెండూ ఒకే ఏడాది చూడమ్మా అన్నారు. నాకు ఆ పూట సరదాగా అనిపించలేదు గానీ తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

కోప్పడింది అత్త. మా ఆయన పుట్టింది మా జిల్లాలోనే ఉన్న బిస్సంకటక్ మిషన్ ఆసుపత్రిలో. డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలిజబెత్ మాడ్సెన్ అనే డాక్టరమ్మ 1954లో మొదలుపెట్టింది దాన్ని. అత్తకి ఆ ఆసుపత్రంటే గుడి తర్వాత గుడి. "అక్కడ పొద్దున్న ప్రార్థన చేసినోళ్ళే వచ్చి సూది వేసేవోరు. ప్రార్థన వేరు, సూది వేరు అని నీకెవుడు సెప్పాడే?" అంది. మర్నాటి నుంచి పొద్దున్నే పీట వేసుకుని నా ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ నొక్కు గ్లాసుతో నీళ్ళు తనే తెచ్చేది. మూడూ మింగి నోరు తెరిచి చూపించేదాకా లేచేది కాదు. చంటిపిల్లని చేసేశావు అత్తా అంటే "సేసేను" అనేది. డోకు తగ్గుతుందని ముందు చోడంబలి కొంచెం తాగించేది, నిజంగానే తగ్గింది.

అలా కూర్చున్న ఒక పొద్దున్న చెప్పింది. వాళ్ళ పెద్దన్నయ్యకి క్షయ వచ్చిందట, అత్తకి అప్పుడు పదేళ్ళు. పశువుల పాకలో పడుకోబెట్టారు, ఒక గ్లాసు విడిగా. నీళ్ళు ఇవ్వడం ఈమె పని, దగ్గరికి వెళ్ళొద్దన్నారు, దూరం నుంచి ఎత్తి పోసేదట. "సగం మొకం మీద పడిపోయేవి. ఏటీ అనీవోడు కాదు." ఆ తర్వాత ఏమీ చెప్పలేదు, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వేరే గ్లాసు గురించి అప్పటికి మూడు నెలలుగా మనసులో ఆమెను అంటున్న మాటలన్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్టోబరులో మొదటి ఆదివారం, బల్ల ఉంది. చీర కట్టుకున్నాను, జాకెట్టు పక్క కుట్లు ముందురోజే విప్పి వదులు చేసుకున్నాను. గుళ్ళో వరస ప్రకారం ఎప్పుడూ పెద్దవాళ్ళు ముందు, అత్త ముందు మోకరిస్తుంది, ఆమె పక్కన నేను. ఆ రోజు బలిపీఠం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని తన ముందుకి లాగి "నువ్వు ముందు పద" అంది. మోకరించాం. అయ్యగారు గిన్నె నా పెదాలకి ఆనించారు, తాగాను, ఆయన గుడ్డతో అంచు తుడవబోయారు. అత్త ఆయన తుడిచేదాకా ఆగలేదు.