మిసిసిపీ మూలం దాకా తోవ చూపించింది ఓజావిందిబ్

కాళేశ్వరం సంగమం చూసినోళ్లకు తెలుస్తది, ప్రాణహిత ఎంత నీళ్లు తెచ్చి పోస్తదో, అయినా కలిసినంక పేరు గోదావరిదే. మూలం ఎక్కడ అంటే త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరి అని మా దిక్కు ముసలోళ్లు కూడా చెప్తరు, దాని గురించి కొట్లాట ఏం లేదు. అమెరికాల మిసిసిపీ సంగతి అట్ల కాదు, ఈ మధ్య దాని గురించే చదువుతున్న.

1805ల జెబులాన్ పైక్ అనే మిలటరీ ఆఫీసర్ ఇరవై మంది సిపాయిలతోని సెయింట్ లూయిస్ నుంచి పడవల ఎదురెక్కిండు. చలికాలం వచ్చి నది గడ్డకట్టినంక స్లెడ్జిల మీద సామాన్లు గుంజుకుంట పోయి 1806 ఫిబ్రవరిల లీచ్ లేక్ చేరి ఇదే మూలం అనుకున్నడు, కానీ కాదు. 1820ల మిషిగన్ గవర్నర్ లూయిస్ క్యాస్ పోయిండు, నీళ్లు తక్కువున్నయని ఇంకో చెరువు కాడ్నే ఆగిండు, దానికే ఇప్పుడు క్యాస్ లేక్ అని పేరు.

1832ల స్కూల్‌క్రాఫ్ట్ అనే గవర్నమెంట్ ఏజెంట్ పోయిండు. గవర్నమెంట్ పంపింది ఒజిబ్వే, డకోటా తెగల మధ్య కొట్లాట ఆపమని, మశూచి టీకాలు వేయించమని. డాక్టర్ హౌటన్ వెంట పోయి వేలల్ల టీకాలు వేసిండు, నా లెక్కల ఆ యాత్రల అన్నిటికంటే మంచి పని అదే. క్యాస్ లేక్ దగ్గర ఓజావిందిబ్ అనే ఒజిబ్వే పెద్దమనిషి కలిసిండు. చెట్టు బెరడుతోని చేసిన చిన్న పడవలు ఇప్పించింది ఆయనే, తోవ గీసి చూపించింది ఆయనే, ముందు నడిచింది కూడా ఆయనే. చివర్ల నీళ్లు లేని కాడ పడవలు భుజాన పెట్టుకొని బురదల, అడవిల మైళ్లకొద్ది నడిచిండ్రు, జులై 13న ఇటాస్కా చెరువు కనిపించింది, మిసిసిపీ మూలం అదే. చెరువు మధ్యల లంక మీద జెండా పాతిండ్రు, కొన్ని గంటలే ఉండి తిరిగొచ్చిండ్రు.

ఆ లంకకు స్కూల్‌క్రాఫ్ట్ పేరు పెట్టిండ్రు. పుస్తకాలల్ల ఆయన "కనుక్కున్నడు" అని రాస్తరు, నాకు అదే మింగుడుపడదు. ఒజిబ్వే వాళ్లకు ఆ చెరువు ముందు నుంచే తెలుసు, వాళ్ల భాషల దానికి పేరు కూడా ఉన్నది, ఏండ్ల తరబడి అక్కడ వేటాడి బతికినోళ్లు తెలిసిన తోవల తీస్కపోతే వెనుక పోయినాయనది కనుక్కునుడు ఎట్లయితది? ఇప్పుడు ఇటాస్కా చుట్టున్న పార్కుల ఓజావిందిబ్ పేరు మీద ఒక చెరువు ఉన్నది, అదొక్కటి సంతోషం.

తర్వాత కూడా మూలం ఎక్కడ అనే పంచాయితీ తెగలే. 1836ల నికొలే అనే ఫ్రెంచ్ ఆయన ఇటాస్కాల కలిసే వాగులను కూడా కొలిచి మ్యాప్ గీసిండు. 1881ల గ్లేజియర్ అనేటాయన పక్కనున్న ఎల్క్ లేకే అసలు మూలం అని చెప్పి దానికి తన పేరే పెట్టుకున్నడు, ఆయనకు తోవ చూపించింది కూడా ఒజిబ్వే మనిషే, చెనోవాగెసిక్. ఆఖరికి ఆ చెరువులున్న మిన్నెసోటా రాష్ట్రం వాళ్లు బ్రవర్ అనేటాయన తోని సర్వే చేయించి గ్లేజియర్ మాటను కొట్టేసిండ్రు, 1891ల ఆ అడవిని స్టేట్ పార్క్ చేసిండ్రు.