ఫెడరల్ కోర్టులో నా జ్యూరీ అనుభవం

అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటరుగా నమోదైన రెండేళ్లకు న్యూవార్క్‌లోని ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జిల్లా కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి; అంటే, ముద్దాయి దోషో కాదో తేల్చే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి పిలుపు. భారతదేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తర్వాత క్రిమినల్ కేసుల్లో జ్యూరీ అనేదే లేదు కాబట్టి, ఆ కాగితం చూడగానే నాకు కుతూహలం కంటే బెరుకే ఎక్కువ కలిగింది.

ఎడిసన్‌లో రైలెక్కి ఉదయాన్నే కోర్టుకు చేరాను. జ్యూరీ ఎంపికలో ప్రశ్నలు వేసేది లాయర్లేమో అనుకున్నాను గాని, ఫెడరల్ కోర్టుల్లో ఎక్కువగా జడ్జిగారే అడుగుతారట. కుటుంబంలో పోలీసులు ఎవరైనా ఉన్నారా అన్నప్పుడు నేను చెయ్యెత్తాను. నన్ను బెంచీ పక్కకు పిలిచి, మా మాటలు మిగతావారికి వినపడకుండా స్పీకర్లలో గాలి హోరులాంటి శబ్దం పెట్టించారు. మా నాన్నగారు గుంటూరులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారని చెప్పాను. "పోలీసు సాక్ష్యమైతే, మామూలు మనిషి మాట కన్నా ఎక్కువ నమ్ముతారా?" అని అడిగారు. మా నాన్న మాటైతే నమ్ముతాను, మిగతావారిది విన్నాకే చెప్పగలను అన్నాను. ఆయన నవ్వలేదు, ఏదో రాసుకున్నారు. జ్యూరీ కోసం పిలిచినవారిలో, కారణం చెప్పకుండానే ప్రభుత్వం ఆరుగురిని, ముద్దాయి పక్షం పదిమందిని తొలగించవచ్చు. ఆ పదిమందిలో నేనుంటానన్న ఆశ ఫలించలేదు.

విచారణ నాలుగు రోజులు సాగింది. పన్నెండుగురమూ ఏకాభిప్రాయానికి వచ్చి తీర్పు చెప్పాక, జడ్జిగారు మా గదికి వచ్చి కృతజ్ఞతలు చెప్పారు. మా కేసు గురించి ఒక్క మాటైనా మాట్లాడలేదు గాని, ఎన్నాళ్లు పనిచేస్తారని ఒకరు అడిగితే మాత్రం కూర్చుని జవాబిచ్చారు. అధ్యక్షుడు ఎంపిక చేసి సెనేట్ ఆమోదించిన పదవికి వయోపరిమితి లేదనీ, 65 ఏళ్ల వయసు, 15 ఏళ్ల సర్వీసు ఉంటే సీనియర్ హోదా తీసుకుని పని తగ్గించుకోవచ్చనీ, తాను ఆ వయసు దాటినా ఇంకా తీసుకోలేదనీ అన్నారు. శిక్ష విధించడమే అన్నిటికన్నా బరువైన పని అట: 2005 దాకా మార్గదర్శకాల పట్టికకు జడ్జీలు కట్టుబడవలసి వచ్చేది, ఇప్పుడది సలహా మాత్రమే కాబట్టి ఎన్ని నెలలన్నది తానే తేల్చాలి.

విచారణ ముగిసేదాకా ఇంట్లో కూడా నోరు విప్పకూడదు. తీర్పు చెప్పిన రాత్రే నాన్నకు ఫోన్ చేసి, నేను జడ్జికి చెప్పిన జవాబు వినిపించాను.

"నన్ను బోనెక్కించిన లాయర్లలో ఒక్కడూ నా మాట అంత తేలిగ్గా నమ్మలేదురా" అన్నారు.