దేవుడు గోండులది, కథ పర్ధానులది

కొన్నేళ్లపాటు ఉట్నూరులో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి, ఆదిలాబాద్ మాట వస్తే మిత్రులు నన్ను మొదట అడిగేది గోండుల నర్తకుడు గుస్సాడీ గురించే. నెమలి ఈకల టోపీ, ఒంటి నిండా బూడిద, భుజాన జింక చర్మం, చేతిలో కర్ర. క్యాలెండర్ల మీదా పోస్టర్ల మీదా అందరూ చూసిన బొమ్మే అది. మన దేశంలోని తెగల గురించి మనకు తెలిసినదంతా ఇంచుమించు ఇలాంటి బొమ్మల వరుసే. 2011 జనాభా లెక్కల నాటికి షెడ్యూల్డు తెగలుగా గుర్తింపు పొందినవి 705, వారి జనాభా 10.43 కోట్లు, అంటే దేశ జనాభాలో 8.6 శాతం. ఆ ఏడు వందల పైచిలుకు పేర్లకూ బడి గోడ మీది చార్టులో మాదిరి గళ్లు గీసి, గడికొక వేషం, గడికొక పండుగ, గడికొక దేవుడు అని నింపుకోవడం మనకు అలవాటైపోయింది. నేనూ అలా నింపుకునే వెళ్లాను. కేస్లాపూర్‌లో రెండు జాతరలు చూశాక ఆ గళ్లు నాకు పనికిరాకుండా పోయాయి.

కేస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని ఊరు. పుష్యమాసపు అమావాస్య రాత్రి అక్కడ నాగదేవుడైన నాగోబాకు మహాపూజ చేసే హక్కు గోండులలో మెస్రం వంశీయులది. ఆ రాత్రికి చాలా ముందే పని మొదలవుతుంది. వంశపెద్దలు ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి జాతర కబురు చెప్పి వస్తారు. సిరికొండకు వెళ్లి కుమ్మరి ఇంట కుండలు చేయమని పురమాయిస్తారు. ఆ తరువాత చెప్పులు లేని కాళ్లతో జన్నారం మండలంలోని హస్తిన మడుగు దాకా నడిచి, గోదావరి నీటిని ఝరి అనే కలశంలో నింపుకుని, అదే నడకన తిరిగి వచ్చి గుడికి దగ్గరలో ఉన్న మర్రిచెట్ల కింద బస చేస్తారు. గోండిలో నీటిని ‘ఏర్’ అంటారు. మన ఏరే అది, కాకపోతే మనం దాన్ని పారే నీటికి మాత్రమే మిగుల్చుకున్నాం.

ఆ మర్రిచెట్ల కింద ఒక పగలు కూర్చుంటే చాలు, వంశం అంటే ఏమిటో వివరంగా కనిపిస్తుంది. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంట మాత్రం వరుసగా పేర్చిన 22 పొయ్యిల మీదే సాగుతుంది. ఎవరి పొయ్యి ఎవరిదో, ఏ శాఖ వారు ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, చెప్పవలసిన అవసరమూ ఉండదు. పుట్టమట్టిని అల్లుళ్లు కాళ్లతో తొక్కి మెత్తగా చేస్తారు, ఆ మట్టితో ఆడపడుచులు పుట్టలను తీర్చిదిద్దుతారు. ఆ ఏడాది మెస్రం ఇంట కొత్తగా అడుగుపెట్టిన కోడళ్లు తెల్లచీరలు కట్టి, ముఖం మీదికి ముసుగు దించుకుని, పెద్దల వెంట వచ్చి నాగోబాను దర్శించుకుంటారు. దాన్ని భేటింగ్ అంటారు, ఆ కోడళ్లను భేటి కొరియాడ్ అంటారు. ఆ భేటి జరిగితేగాని వంశపు పూజల్లో కోడలికి చోటు లేదు. పెళ్లినాడు భర్తకు భార్య అయిన మనిషి, ఆ రాత్రి వంశానికి కోడలవుతుందన్నమాట.

ఇంతవరకు చూస్తే ఇది గోండుల పండుగ, గోండుల గడిలో రాసుకోవచ్చు. అయితే ఆ కుండలు చేసిన సిరికొండ కుమ్మరి గోండు కాడు. గుడి ముందు పెప్రె ఊదుతున్నవాడూ, కాలికోమ్ బూర పట్టుకున్నవాడూ గోండులు కారు. అన్నిటికంటే ముఖ్యంగా, వంశం ఎలా పుట్టిందో, దేవుడు ఎక్కడి నుంచి వచ్చాడో కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ చెప్పే మనిషి గోండు కాడు. అతను పర్ధాన్ అనే వేరే తెగవాడు. అతని ఇంటిపేరూ మెస్రమే. గోండుల్లో ఏ వంశానికి ఆ వంశపు పర్ధానులు ఉంటారు. వారి వంశనామం ఒకటే, కులదైవం ఒకటే, రెండు తెగల మధ్య పెళ్లి సంబంధం మాత్రం ఉండదు.

ఈ ఏర్పాటును నేను అర్థం చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. గోండు సమాజం ‘సగ’లనే విభాగాలుగా విడిపోయి ఉంటుంది: నాలుగు దేవుళ్లవారు, ఐదు దేవుళ్లవారు, ఆరు దేవుళ్లవారు, ఏడు దేవుళ్లవారు. మెస్రంలు ఏడు దేవుళ్ల సగవారు. ఒకే సగలో ఉన్నవారంతా అన్నదమ్ముల వరుస, కాబట్టి పిల్లను ఇచ్చిపుచ్చుకోవడం వేరే సగతోనే జరగాలి. గుహలో బందీలైన దేవుళ్లను ఆదిగురువు పహండి కుపార్ లింగల్, దేవత జంగుబాయి ఎలా విడిపించారో, వారు ఎలా పంపకమై ఈ సగలయ్యారో చెప్పే కథ గోండు జీవితానికంతటికీ మూలం. పెళ్లి వరుసలు, పూజ హక్కులు అన్నీ అందులోంచే వస్తాయి. అంతటి కథ గోండుల ఇళ్లలో కాక పర్ధానుల గొంతులో ఉంటుంది. ఆదిలాబాద్ పర్ధానుల ఇంటి భాష మరాఠీ. కథ మాత్రం గోండిలో చెబుతారు. ఇంట్లో పిల్లవాణ్ణి మరాఠీలో గద్దించే తండ్రి, అదే పిల్లవాడికి కిక్రి నేర్పేటప్పుడు గోండిలోకి మారడాన్ని నేను వాకిట్లో కూర్చుని విన్నాను.

ఈ పని ఉచితంగా జరిగేది కాదు. పంట ఇంటికి వచ్చినప్పుడు పర్ధానుకు ధాన్యంలో వంతు ఉండేది, పెళ్లికీ పూజకూ కానుకలుండేవి. యజమాని చనిపోతే అతని బట్టలు పర్ధానుకే చెందేవి. చచ్చినవారిని వంశదైవమైన పెర్స పేన్‌లో కలిపే క్రతువు కూడా కిక్రి లేనిదే పూర్తి కాదు. తెల్లటి చామరం, ఇనుప ఈటెమొన ఆ దేవుడి చిహ్నాలు. వాటి ముందు వంశపు పేర్లను వరసగా పిలవవలసింది పర్ధానే. ఇంతటి అవసరం ఉన్నా గోండులు పర్ధానులను తమకంటే ఒక మెట్టు కిందనే ఉంచారు, వారి చేతి వంట తినేవారు కారు. ఆదివాసీ సమాజాలలో ఎచ్చుతగ్గులే ఉండవని గట్టిగా చెప్పే మిత్రులతో నాకు ఇక్కడే పేచీ వస్తుంది. ఎచ్చుతగ్గులు ఉన్నాయి. కింది మెట్టు మీద ఉన్నవాడి చేతిలో పై మెట్టువాడి చరిత్ర అంతా ఉండటమే ఇక్కడి విశేషం.

కొలాముల సంగతి ఇంకో రకం. కొండల మీద గూడేలు కట్టుకుని, పోడు కొట్టుకుని, వెదురు తడకలూ బుట్టలూ అల్లుకుంటూ బతికిన వీరిని గోండులు తమకంటే ముందునుంచీ ఆ నేల మీద ఉన్నవారిగా భావిస్తారు. అందుచేత ఆ కొండకు, ఆ అడవికి సంబంధించిన స్థానిక దేవతల్ని శాంతింపజేయవలసి వచ్చినప్పుడు, తమ పూజారి దేవారి ఉన్నా సరే, కొలాం పూజారిని పిలుస్తారు. భూమి దున్నేది గోండు, ఆ భూమి దేవతతో మాట్లాడేది కొలాం. కొలామీ భాష ద్రావిడ కుటుంబంలో మధ్య శాఖకు చెందితే, గోండి తెలుగు ఉన్న శాఖలోనే ఉంది. అంటే ఒక ఊరి చుట్టూ జరిగే ఏడాది పూజల్లో కొలామీ, గోండి, మరాఠీ, కుమ్మరి తెలుగు అన్నీ వినబడతాయి. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా ఏదో ఒక పూజ ఆగిపోతుంది.

దేవుడి గంటలు, గజ్జెలు, ఇత్తడి దీపాలు చేసేవారు ఓజాలు. మట్టి ముద్ద మీద తేనెమైనాన్ని దారంలా సాగదీసి చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడిని పోస్తారు. అచ్చును పగలగొట్టి తీస్తారు కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒక్కలా ఉండవు. మైనపు దారం చుట్టిన గీతలు ఇత్తడి మీద అలాగే నిలిచిపోతాయి. జైనూరు మండలం ఉషేగావ్‌లో ఈ పని చేసే కుటుంబాలున్నాయి. ఇక తోటీ తెగవారు కూడా కిక్రి వాయించేవారే. వారి ఆడవాళ్లు గోండు స్త్రీలకు పచ్చబొట్లు పొడిచేవారు.

ఈ అల్లిక ఎప్పుడు సడలిందో వెతికితే జవాబు దేవుళ్ల దగ్గర కాక భూమి దగ్గర దొరుకుతుంది. నిజాం ప్రభుత్వం అడవుల్ని రిజర్వు చేసి గూడేలను ఖాళీ చేయించడం, బయటివారికి పట్టాలు దక్కడం, చివరకు 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం కాల్పుల్లో నేలకొరగడం చాలామందికి తెలిసినవే. ఆ తరువాత నిజాం ప్రభుత్వ ప్రోద్బలంతో ఈ ప్రాంతానికి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మార్లవాయిలో ఉండి పనిచేశాడు. గోండి బోధనకు 1943లో అక్కడే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. నాగోబా జాతరలో అధికారులు కూర్చుని అర్జీలు తీసుకునే దర్బారు కూడా ఆ రోజుల నుంచే వస్తున్నది. 1987లో మరణించిన హైమెండార్ఫ్ భార్య బెట్టీని మార్లవాయిలోనే ఖననం చేశారు. గుస్సాడీ కళకు 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఆ ఊరే. నేను చెప్పదలచింది ఇంతే: పొలం పోయిన గోండు తన పర్ధానుకు ధాన్యం ఎక్కడి నుంచి ఇస్తాడు? ధాన్యం రాని పర్ధాను కొడుక్కి కిక్రి ఎందుకు నేర్పుతాడు? బడికి పంపుతాడు. పంపాడు కూడా, అది మంచి పని కూడా. చదువుకున్న పర్ధాను కుర్రవాడికి, తన తాత ఒకరి వాకిట్లో నిలబడి దానం అడిగాడన్న మాట వింటే ఏమనిపిస్తుందో నేను ఊహించగలను. అతను వాయించడం మానేస్తే తప్పుపట్టే హక్కు నాకు లేదు.

అయినా అల్లిక పూర్తిగా తెగలేదు. దీపావళి ముందు దండారీ నృత్య బృందాలు ఇప్పటికీ ఊరి నుంచి ఊరికి అతిథులుగా వెళ్తాయి. క్యాలెండరు మీది గుస్సాడీ అసలు పని అది. తన ఊళ్లో ఆడటానికి కాదు, పిల్లను ఇచ్చిపుచ్చుకోదగిన సగ ఉన్న ఊరికి వెళ్లి, అక్కడ తిని, ఆడి, మర్నాడు సాగనంపించుకోవడానికి వేసిన వేషం. నార్నూరు ఖాందేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు మొక్కు చెల్లించడానికి నువ్వుల నూనె సేర్ల కొద్దీ తాగడం పత్రికల్లో వింతగా అచ్చవుతుంది. అక్కడ కూడా నేను చూసింది నూనెను కాదు, ఆ నూనె కోసం ఇంటింటి నుంచీ నువ్వులు తెచ్చి పోసిన వంశాన్ని.

రెండో జాతరలో నాకు పరిచయమైన పర్ధాన్ పెద్దాయన కిక్రిని ఒళ్లో పెట్టుకుని చూపించారు. అడుగున తోలు బిగించిన చెక్క, మూడు తీగలు, చిన్న కమాను. తీగలూ కమానూ గుర్రపు వెంట్రుకలతో చేసినవే. ఆ రోజు ఒక తీగ తెగి వేలాడుతోంది. ఆయన దాన్ని బొటనవేలితో సవరిస్తూ, “ఒకప్పుడు పటేండ్ల ఇండ్లల్ల గుర్రాలుండె సారు. ఇప్పుడు గుర్రమేడిది? సైకిల్ తీగ పెట్టి చూస్తి, దేవుడు వింటడో లేడో గని నాకే వినబుద్ధి కాలె,” అన్నారు. మరి ఏం చేస్తారని అడిగాను. పట్నంలో పెళ్లికొడుకులను ఊరేగించడానికి గుర్రాన్ని అద్దెకిచ్చే ఆయన ఒకరున్నారట. కిందటేడు ఆయన దగ్గరికే వెళ్లి తోక వెంట్రుకలు అడిగితే, దేనికని ఆరా తీశాడట. దేవుని పనికి అని చెప్పాక పైసలు తీసుకోలేదట. గుర్రం బెదురుతుంది, నువ్వు దగ్గరికి రావద్దని చెప్పి, కత్తెర తెచ్చి తానే గుప్పెడు వెంట్రుకలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చాడట.