నాపానా, సొనోమానా? మా నాయిన లెక్క వేరు

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా, వైన్ తోటలకు పేరుపడ్డ నాపా, సొనోమాల్లో నాపా వెళ్లింది రెండే సార్లు, అదీ ఆఫీసు వాళ్లతో. ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి మా నాయిన ఇక్కడే ఉండటంతో ఇంట్లో గొడవ మొదలైంది. మా ఆయన నాపా అంటాడు, నేను సొనోమా అంటాను. 1976లో పారిస్‌లో లేబుళ్లు దాచి వైన్లు రుచి చూపిస్తే, తెల్లదాంట్లోనూ ఎర్రదాంట్లోనూ ఫ్రెంచి వాళ్లను ఓడించినవి నాపా సీసాలే కదా అని ఆయన వాదన. నా వాదన అంతా పర్సు గురించే. చివరికి శనివారం నాపా, ఆదివారం సొనోమా అని రాజీ పడ్డాం. హోటల్ మాత్రం వల్లేహోలో, చవకని.

హైవే 29 ఎక్కగానే నాయిన కారు అద్దం దించాడు. రెండు పక్కలా ఆకు రాలిన తీగలు, సాళ్ల మధ్య మోకాలెత్తు పసుపు పూలు. "ఆవ చేను గదనే ఇది!" అన్నాడు. నిజంగా ఆవపూలే, ఫిబ్రవరిలో లోయంతా పూస్తాయి. కానీ ఆయన చూపు పూల మీద ఎక్కువసేపు నిలవలేదు.

"పందిరేది బిడ్డా? నడుమెత్తు తీగలకు పాకిచ్చి ఊకున్నరు!"

శామీర్‌పేట దగ్గర మాకు ఒకప్పుడు ఎకరంన్నర అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోట ఉండేది. రాతి కడీలు, పైన ఇనుప తీగల పందిరి, కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లటి నీడ. ద్రాక్ష తోటంటే తలెత్తి చూసేదని ఆయనకు తెలుసు. ఇక్కడ వంగి చూడాల్సి వచ్చింది.

మేం ఆగిన చోట వైన్ రుచి చూడటానికి, అంటే టేస్టింగ్‌కి, మనిషికి 75 డాలర్లు. మా నాయిన కల్లు తప్ప ఇంకేదీ ముట్టడు. ఆయన తాగడండీ అని చెప్పాను. కూర్చుంటే చాలు, రేటు అదేనట. కుర్చీకి ఆరు వేల రూపాయల పైన! ఆ సంగతి నాయినకు చెప్పలేదు, చెబితే అక్కడే లేచి నిలబడేవాడు.

పోసే అమ్మాయి మూడో గ్లాసు దగ్గర, ఇది ఫ్రాన్సులోని బోర్డో పద్ధతిలో కలిపిన వైన్ అంది. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న నాయిన గబుక్కున తిరిగాడు.

"బోర్డోనా? దీంట్ల గూడ పోస్తరా?"

నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో బోర్డో అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన మందు. బూజు తెగులుకు కొట్టేది. నాయిన డ్రమ్ములో కట్టెతో కలిపి, కొడవలి మొన ముంచి తీసేవాడు. మొన మీద ఎర్రగా రాగి పడితే ఇంకో గుప్పెడు సున్నం వేసేవాడు. తెల్లారేసరికి ఆకులూ, చొక్కా, ఆయన గోళ్లూ అన్నీ లేత నీలం. ఆ మందు 1880ల్లో పుట్టింది ఆ ఫ్రెంచి బోర్డో తోటల్లోనే, పేరూ అక్కడిదే. ఇదంతా ఆ అమ్మాయికి ఇంగ్లీషులో చెబితే నవ్వి, పక్క టేబుల్‌కి వెళ్లిపోయింది. మా గంట అయిపోవచ్చింది మరి.

ఆదివారం వాన. గదిలో పులిహోర తిని పడుకున్నాం.

సోమవారం హైవే 121 మీదుగా సొనోమా. దారిలో వచ్చే కార్నెరోస్ తోటల ప్రాంతం కొంత నాపాది, కొంత సొనోమాది, ఎక్కడ జిల్లా మారిందో తోటలు చూస్తే తెలియదు. మేం ఆగిన చోటు రేకుల షెడ్డు లాంటిది. టేస్టింగ్ 30 డాలర్లు, సీసా కొంటే అదీ మాఫీ. తాగని మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. మేం లోపలికెళ్లేలోపే నాయిన సాళ్లలోకి దిగిపోయాడు.

అక్కడ టోపీ పెట్టుకున్న ఒక మెక్సికన్ పెద్దాయన తీగలు కత్తిరిస్తున్నాడు. ఈయనకు స్పానిష్ రాదు, ఆయనకు తెలుగు రాదు. నాయిన కొమ్మ మీద చిగురొచ్చే కన్ను చూపించి, ఎన్ని ఉంచాలన్నట్టు రెండు వేళ్లెత్తి, హైదరాబాదీలో "దో?" అన్నాడు. ఆయన ముఖం వెలిగింది. "దోస్! దోస్!" అన్నాడు.

తర్వాత కత్తెర నాయిన చేతికిచ్చాడు. నాయిన రెండో కన్ను పైన, కాస్త ఏటవాలుగా, ఒక్క వేటు. పెద్దాయన వంగి కోత చూసి తలూపాడు. నేను గ్లాసు పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయాను. ఆ గ్లాసులో ఏం పోశారో ఇప్పుడడిగితే చెప్పలేను.

మన దగ్గర తీగకు నిద్ర లేదు. ఏప్రిల్లో ఒక కత్తిరింపు, అక్టోబర్లో కాపు కోసం ఇంకోటి. ఇక్కడ చలికి ఆకు రాల్చి పడుకుంటుంది కాబట్టి ఏడాదికి ఒక్కటే. అది విని నాయిన, "సగం ఏడు పండుకునేదానికి గింత రేటా!" అన్నాడు. రేటు సంగతి మా ఆయన చెప్పేశాడన్నమాట.

ఊళ్లో ప్లాజా దగ్గర 1823 నాటి మిషన్, అంటే పాత క్యాథలిక్ చర్చి, ఉంది, ఆకలికి బయట్నుంచే చూశాం. తిరిగొస్తుంటే హైవే 37 మీద కారు నత్తనడక. వెనక సీట్లో నాయిన ఒళ్లో జానెడు కొమ్మ ముక్క.

"ఇంటికి కొంచవోతా."

"ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు నాయినా. తీసుకెళ్లినా ఎక్కడ నాటుతావు? తోటలో విల్లాలు లేచినయ్ కదా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొమ్మను తిప్పి చూస్తూ, "మీ బాల్కనీకి ఎండ ఎటునుంచొస్తది?" అన్నాడు.