అవ్వ మొదట వెనక వైపు చూసింది

సికింద్రాబాద్‌లో రైలెక్కినప్పుడు నా సంచిలో సగం కుట్టిన బొంత ఉంది. కప్పుకోవడానికి కాదు, గోడకు వేలాడదీయడానికి కుడుతున్నది. అమ్మ పాత నేత చీరలు, నాన్న లుంగీ ముక్కలు, కాస్త ఖద్దరు. పువ్వు లేదు, పిట్ట లేదు. ఎర్రమట్టి రంగు ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వెళ్లి ఒక మూల ముదురు నీలం దగ్గర ఆగుతాయి, అంతే. ఆ నీలం మీద గాజు పూసలు కుట్టాను.

జనగామ దాటాక విప్పి చూసుకుంటుంటే దారం తెగి పూసలు జలజలా రాలాయి. సీటు కింద, చెప్పుల మధ్య, పక్కావిడ ఒళ్లో. గాజు పూస రంధ్రం అంచు పదునుగా ఉంటుంది. బట్ట కదిలినప్పుడల్లా మామూలు నూలు దారాన్ని కోస్తూనే ఉంటుంది. నేను వాడింది ఆ నూలు దారమే. పక్కావిడ, వాళ్లమ్మాయి వంగి వంగి ఏరిచ్చారు. మూడు వారాల పని. ఏడుపు ఆపుకోవడం కష్టమైంది.

వరంగల్‌లో మొదట కొత్తవాడకు వెళ్లాను. అక్కడి జంపఖానాలకు, అదే వరంగల్ దర్రీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక ఇంట్లో పెద్దాయన మగ్గం మీద ఉన్నాడు. రెండు రంగులు కలిసే చోట ఎర్రపోగు, నల్లపోగు ఒకదానికొకటి మెలిపడి మళ్లీ ఎటువి అటు తిరిగిపోతున్నాయి. "ఈ మెలి లేకుంటే ఏమైతది పెద్దయ్యా?" అని అడిగాను. "ఏమైతది, ఆ గీత పొంటి చీలిక వడ్తది" అన్నాడు, చెయ్యి ఆపకుండానే. నేను ఆ అంచు మీద వేలు పెట్టి చాలాసేపు తడిమాను. నా బొంతలో రెండు రంగుల్ని పక్కపక్కన పెట్టి మిషన్ మీద కలిపేస్తాను. అతుకు కనబడకుండా చేయడమే పనితనం అనుకునేదాన్ని. ఇక్కడ అతుకే నేత. ఎర్రలోంచి నీలంలోకి, నీలంలోంచి ఎర్రలోకి అతుకు దాటేలా చేతి టాకాలు వేస్తే ఎలా ఉంటుందో ఆ మగ్గం పక్కనే నోట్‌బుక్‌లో గీసుకున్నాను.

సాయంత్రం కోటలో కూర్చున్నాను. నాలుగు కీర్తితోరణాల మధ్య కూలిన గుడి రాళ్లు, సగం హంసలు, విరిగిన స్తంభాలు, పూసల దండలు చెక్కిన దూలాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఏ ముక్కా తన పాత చోట లేదు. అయినా నల్లరాయి మీద ఎండ వాలినప్పుడు వాటి మధ్య ఏదో పొందిక కనిపించింది నాకు. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో 1971లో పాత అమెరికన్ బొంతల్ని చిత్రాల్లా గోడలకు వేలాడదీశారు. వాటిని కుట్టిన ఆడవాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. ఈ రాళ్లు చెక్కినవాళ్లవీ అంతే. మా అమ్మమ్మ కుట్టిన బొంతలు చిరిగి మసిగుడ్డలైపోయాయి. ఒక్కటి కూడా దాచుకోలేదు మేము. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మర్నాడు ఒక స్నేహితురాలు నర్సంపేట దారిలో ఉన్న తండాకు తీసుకెళ్లింది. వాళ్ల నానమ్మ వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉంది. పెట్టెలోంచి తన పాత కాంచళి, అంటే లంబాడీ ఆడవాళ్లు తొడుక్కునే రవిక, తీయించింది. అద్దాలు, గవ్వలు, పూసలు, దారంతో నింపిన గళ్లు. ఎంత బరువో! ఏళ్లు గడిచినా ఒక్క అద్దం ఊడలేదు. అద్దానికి రంధ్రం ఉండదు కదా, చుట్టూ దారాన్ని అడ్డదిడ్డంగా వేసి, ఆ దారాల్ని పట్టుకుని అంచు కుట్టు కుడతారు. దారమే చట్రం.

నా బొంత ఇచ్చాను. బొమ్మేంటని అడుగుతుందనుకున్నాను. అవ్వ అడగలేదు. ముందు దాన్ని తిరగేసి వెనక వైపు చూసింది.

"ముడులు యాడున్నయ్ బిడ్డా?"

"మొదట్ల ఒకటి, చివర్ల ఒకటి అవ్వా."

"అందుకే అన్నీ వొయినయ్. నాలుగు పూసలకో ముడి ఎయ్యి. ఒకటి తెగినా తక్కినయి నిలవడ్తయ్."

తర్వాత నీలం ముక్కను వేళ్ల మధ్య నలిపి, బట్ట పల్చన అంది. పూసల బరువుకు సాగుతుందట, కింద ఇంకో పొర పెట్టమంది. బొంత అంటేనే పొరలు. నా దానికి మూడు: పైబట్ట, దూది, అడుగుబట్ట. మూడింటినీ పట్టే టాకానే దాన్ని బొంతను చేస్తుంది. నేను మాత్రం పూసల్ని పైబట్టకే కుట్టాను, వెనక శుభ్రంగా కనిపించాలని.

అవ్వకు చూపు ఆనదు. అయినా సూదిలో దారం ఎక్కించి ఇస్తే, మూడు పొరల్లోంచి సూది దించి నాలుగు పూసలు కుట్టి ముడేసింది. రెండు పూసల దూరం ముందుకు పోయి, ఒక పూస వెనక్కి వచ్చి, మళ్లీ అందులోంచే దూరి ముందుకు. ఆ వరుసను లాగి చూశాను, కదల్లేదు.

తిరుగు రైల్లో మిగిలిన పూసలన్నీ నేనే విప్పాను. కాజీపేట నుంచి భువనగిరి వరకు అదే పని. అవ్వ కుట్టిన నాలుగూ అలాగే ఉంచాను. ఇంటికొచ్చాక గట్టి పాలిస్టర్ దారం, సన్నసూది కొన్నాను. ఇప్పుడు రోజుకు రెండు వరుసల చొప్పున, ఆ నాలుగు పూసల పక్క నుంచే మొదలుపెట్టి కుడుతున్నాను. వెనక వైపు నిండా ముడులు.